ఎన్నికైన ప్రభుత్వం నిరంకుశంగా మారుతుంటే గుర్తించడం ఎలా, అడ్డుకోవడం ఎలా

నిరంకుశ పాలన అనగానే రేడియో కేంద్రాన్ని ఆక్రమించిన సైన్యం, నడివీధిలో ట్యాంకులు, తెల్లారేసరికి జైళ్ళలో ఉన్న నాయకులు గుర్తుకు వస్తారు. ఇరవయ్యో శతాబ్దంలో చాలా ప్రజాస్వామ్యాలు అలాగే కూలాయి గనుక ఆ ఊహలో తప్పేమీ లేదు. గత పాతికేళ్ళలో మాత్రం పద్ధతి మారింది. ఎన్నికల్లో న్యాయంగానే గెలిచిన నాయకుడు, పార్లమెంటు ఆమోదించిన చట్టాలతో, గెజిట్‌లో ప్రచురితమైన ఉత్తర్వులతో, తనను ప్రశ్నించగల సంస్థలను ఒక్కొక్కటిగా తన మనుషుల చేతికి అప్పగిస్తాడు. ఎన్నికలు జరుగుతూనే ఉంటాయి, పత్రికలు వస్తూనే ఉంటాయి, కోర్టులు తీర్పులిస్తూనే ఉంటాయి, అధికార పక్షం ఓడిపోయే అవకాశం మాత్రం ఏటికేడాది తగ్గిపోతూ ఉంటుంది.

ఈ మార్పును సామాన్య పౌరుడు ఏ ఆనవాళ్ళతో పసిగట్టాలి, పసిగట్టాక ఏ పనులు చేయాలి అన్నదే ఇక్కడ చెప్పదలచిన సంగతి. ప్రధానంగా హంగరీ, పోలండ్ దేశాల అనుభవాన్ని తీసుకుంటున్నాను. ఒకే దశాబ్దంలో, దాదాపు ఒకే ఎత్తుగడలతో రెండు ప్రభుత్వాలు బయలుదేరగా, హంగరీలో అవి అడ్డులేకుండా సాగిపోయాయి, పోలండ్‌లో చాలావరకు ఆగాయి. ఆ తేడా ఎక్కడ వచ్చిందో గమనిస్తే, మన చేతుల్లో ఉన్న పనులేమిటో కూడా తెలుస్తుంది.

ముందుగా హంగరీలో జరిగిన క్రమం

2010 ఏప్రిల్ ఎన్నికల్లో విక్టర్ ఓర్బాన్ నాయకత్వంలోని ఫిదెస్ కూటమికి సుమారు 53 శాతం ఓట్లు వచ్చాయి. ఆనాటి ఎన్నికల విధానం వల్ల ఆ ఓట్లకు 386 స్థానాల్లో 263 దక్కాయి, అంటే మూడింట రెండు వంతులకు పైగా. హంగరీలో ఉన్నది ఒకే సభ. ఆ సభలో రెండు వంతుల మెజారిటీ ఉంటే రాజ్యాంగాన్ని తిరగరాసుకోవచ్చు. మనకున్నట్టు రాజ్యసభ లేదు, రాష్ట్రాల శాసనసభల ఆమోదం అడగవలసిన పని లేదు, 1973 నాటి కేశవానంద భారతి తీర్పు మనకిచ్చినట్టు రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా చెరపరాదన్న రక్షణా లేదు.

ప్రసార మాధ్యమాలను పర్యవేక్షించడానికి 2010లోనే ఒక మీడియా మండలిని ఏర్పాటు చేసి, అందులోని స్థానాలన్నిటినీ 9 ఏళ్ళ పదవీకాలంతో అధికార పక్షం ప్రతిపాదించిన వారితోనే నింపారు. 2011 మార్చి 14న కొత్త రాజ్యాంగం ముసాయిదా పార్లమెంటులో పెట్టారు. ఏప్రిల్ 18న 262–44 ఓట్లతో అది నెగ్గింది. ఒక దేశపు రాజ్యాంగం మీద సభలో చర్చకు ఐదు వారాలు సరిపోయాయన్న మాట. అది 2012 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

అదే సమయంలో న్యాయమూర్తుల పదవీ విరమణ వయస్సును 70 నుంచి 62కు తగ్గించారు. పైకి చూస్తే ఇది పింఛను సంస్కరణ, పత్రికల్లో లోపలి పేజీ వార్త. ఫలితంగా సుమారు 270 మంది సీనియర్ న్యాయమూర్తులు ఒక్క ఏడాదిలో ఇంటిదారి పట్టవలసి వచ్చింది, వారిలో కోర్టులకు అధ్యక్షులుగా ఉన్నవారు చాలామంది. ఈ చట్టం చెల్లదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2012 నవంబరులో తీర్పు ఇచ్చింది గానీ అప్పటికే ఆ కుర్చీల్లో కొత్తవారు కూర్చున్నారు, పాతవారిలో ఎక్కువమంది పరిహారంతో సరిపెట్టుకున్నారు. ఈ మార్పులను బాహాటంగా విమర్శించిన సుప్రీంకోర్టు అధ్యక్షుడు అంద్రాష్ బాకాను తొలగించిన తీరు మరీ విచిత్రం. కోర్టు పేరును ‘కూరియా’గా మార్చి, పాత కోర్టు లేదు గనుక దాని అధ్యక్షుడి పదవీకాలమూ ముగిసిందన్నారు. కొత్త పదవికి హంగరీలో కనీసం 5 ఏళ్ళు న్యాయమూర్తిగా చేసి ఉండాలన్న నిబంధన పెట్టారు. ఆయన యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో 17 ఏళ్ళు పనిచేసిన అనుభవం ఆ లెక్కకు రాలేదు. ఆయన హక్కులకు భంగం కలిగిందని అదే మానవ హక్కుల న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం 2016లో తేల్చింది. తీర్పు సరైనదే, నాలుగేళ్ళు ఆలస్యమైంది.

తరువాత ఎన్నికల చట్టం వంతు వచ్చింది. స్థానాలను 386 నుంచి 199కి కుదించారు, నియోజకవర్గాల హద్దులు కొత్తగా గీశారు, రెండో విడత పోలింగ్‌ను ఎత్తివేశారు. 2014లో ఫిదెస్‌కు ఓట్లు సుమారు 45 శాతానికి పడిపోయినా స్థానాలు 133 వచ్చాయి. 199లో రెండు వంతులకు కావలసింది సరిగ్గా 133.

పత్రికలను మూసివేయించే అవసరం పెద్దగా రాలేదు. ప్రభుత్వ ప్రకటనలు అనుకూల సంస్థలకే వెళ్ళడం మొదలయ్యాక మిగిలినవి చిక్కిపోయాయి, చిక్కినవాటిని ప్రభుత్వానికి సన్నిహితులైన వ్యాపారులు కొన్నారు. దేశంలో పేరున్న దినపత్రిక నేప్‌సాబాద్‌షాగ్ 2016 అక్టోబరు 8న ఉన్నట్టుండి ఆగిపోయింది; నష్టాలే కారణమని యాజమాన్యం చెప్పింది. 2018 నవంబరులో 400కు పైగా మీడియా సంస్థలను వాటి యజమానులు ఒకే ఫౌండేషన్‌కు ఉచితంగా రాసిచ్చారు. అంత పెద్ద విలీనాన్ని పోటీ నియంత్రణ సంస్థ పరిశీలించవలసి ఉండగా, అది జాతీయ వ్యూహాత్మక ప్రాముఖ్యం గల వ్యవహారమని ప్రభుత్వం ప్రకటించి ఆ పరిశీలనను తప్పించింది.

ఈ మొత్తం క్రమంలో సామూహిక అరెస్టులు లేవు, కర్ఫ్యూ లేదు. ప్రతి చర్యకూ విడిగా చూస్తే ఒక సమర్థన దొరుకుతుంది, ఇతర దేశాల్లో పోలిక కూడా దొరుకుతుంది. విరమణ వయస్సు ఎక్కడైనా మారుతుంది, సభ్యుల సంఖ్య ఎక్కడైనా తగ్గించుకుంటారు. అన్నిటినీ ఒక వరుసలో పెట్టి, ఏది ఏ క్రమంలో వచ్చిందో చూసినప్పుడే అసలు ఉద్దేశం బయటపడుతుంది. అందుకే కాపలా కాయదలచినవారు చేయవలసిన మొదటి పని తేదీలతో సహా రాసుకోవడం. ఇది చాలా విసుగు పుట్టించే పని అని ముందే చెప్పాలి. నిరంకుశత్వం ఆ విసుగు చాటునే నడుస్తుంది.

ఒక బిల్లును చదివే పద్ధతి

కొత్త బిల్లో ఆర్డినెన్సో వచ్చినప్పుడు దాని పేరునూ, లక్ష్యాల ప్రకటననూ పక్కనబెట్టి, పాత ఏర్పాటు నుంచి కొత్తదానికి ఎలా మారాలో చెబుతూ చివర ఉండే పరివర్తన నిబంధనలనూ, నియామకాల అధ్యాయాన్నీ ముందు చదవాలి. ఈ చట్టం అమలైన రోజున ఎవరి పదవి పోతుంది, ఆ ఖాళీని ఎవరు నింపుతారు, నింపినవారిని తొలగించాలంటే ఎంత మెజారిటీ కావాలి అన్న సంగతులు అక్కడే ఉంటాయి. కొత్త పదవీకాలం ప్రభుత్వ పదవీకాలం కంటే చాలా ఎక్కువగా ఉండి, నియామకంలో ప్రతిపక్షానికి గానీ న్యాయవ్యవస్థకు గానీ పాత్ర లేకపోతే, రాబోయే ఓటమికి ముందే వేసుకుంటున్న కంచెగా దాన్ని అనుమానించవచ్చు.

రెండో ప్రశ్న వేగం గురించి. మన కేంద్ర ప్రభుత్వం 2014లో తెచ్చుకున్న ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకారం ముసాయిదా బిల్లును కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. అది చట్టం కాదు, విధానం మాత్రమే. పాటించకపోతే బిల్లు చెల్లకుండా పోదు. అయినా ఎందుకు పాటించలేదని అడిగే హక్కు మనకుంది, అడిగినట్టు రాతపూర్వకమైన ఆధారం ఉండటం ముఖ్యం. ముసాయిదా వెలువడినప్పుడు వచ్చే అభిప్రాయాల్లో సగటు పౌరుడు రాసినవి చాలా తక్కువగా ఉంటాయి గనుక, కచ్చితంగా ఫలానా క్లాజు అని చూపుతూ ఒక పేజీ రాసినా దానికి విలువ ఉంటుంది.

మూడో ప్రశ్న అన్నిటికంటే సులువైనది, వేసుకోవడానికి అన్నిటికంటే కష్టమైనది. మీకు బొత్తిగా గిట్టని పార్టీ రేపు అధికారంలోకి వచ్చి, ఇదే అధికారాన్ని మీ మీద ప్రయోగిస్తే మీకు సమ్మతమేనా? కాదు అని మనసు చెబితే, ఇప్పుడు దాన్ని ప్రయోగిస్తున్నది మీకు నచ్చిన పార్టీ అయినా ఆ నిబంధనను వ్యతిరేకించవలసిందే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నచ్చని ప్రతి నిర్ణయాన్నీ నియంతృత్వం అనేస్తే ఆ మాటకు బరువు పోతుంది. పన్నులు పెంచడం, పథకాలు రద్దు చేయడం, ఒక భాషకు ప్రాధాన్యం ఇవ్వడం, రాజధాని గురించి వాదులాడుకోవడం ఇవన్నీ విధానాలు. తరువాతి ఎన్నికల్లో ఓడించి మార్చుకోగలిగినవి. తరువాతి ఎన్నిక, దాన్ని నిర్వహించే సంస్థ, దాని ఫలితంపై తీర్పు చెప్పే కోర్టు, దాని గురించి ప్రజలకు చెప్పే పత్రిక వీటిని తాకే నిర్ణయాలు వేరే రకానికి చెందినవి. మొదటి రకం మీద వాదించండి, రెండో రకం మీద గట్టిగా నిలబడండి. రెంటినీ కలిపి అరిచేవారిని పొరుగువారు కొన్నాళ్ళకు వినడం మానేస్తారు, ఆ తప్పు పొరుగువారిది కాదు.

పోలండ్ న్యాయమూర్తులు చేసిన పని

పోలండ్‌లో ‘లా అండ్ జస్టిస్’ పార్టీ 2015 అక్టోబరులో సుమారు 38 శాతం ఓట్లతో, 460లో 235 స్థానాలతో గెలిచింది. సాధారణ మెజారిటీ ఉంది, రాజ్యాంగాన్ని మార్చే మెజారిటీ లేదు. హంగరీతో పోలిస్తే ఇదే మొదటి అదృష్టం. ఓర్బాన్ రాజ్యాంగాన్ని మార్చి పని కానిచ్చుకోగా, పోలండ్ ప్రభుత్వం రాజ్యాంగాన్ని ఉల్లంఘించి పని చేయవలసి వచ్చింది. ఎదిరించేవారికి చేతిలో పట్టుకుని చూపించడానికి ఆ రాజ్యాంగం మిగిలింది.

మొదటి దెబ్బను వారూ ఆపలేకపోయారు. చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చే రాజ్యాంగ ట్రిబ్యునల్‌కు పాత పార్లమెంటు ఎన్నుకున్న న్యాయమూర్తుల చేత అధ్యక్షుడు ఆండ్జెయ్ దూదా ప్రమాణం చేయించలేదు, ఆ ట్రిబ్యునల్ 2016 మార్చిలో ఇచ్చిన తీర్పును ప్రభుత్వం గెజిట్‌లో ప్రచురించడానికే నిరాకరించింది, ఆ ఏడాది ముగిసేసరికి ట్రిబ్యునల్ అధికార పక్షం చేతిలోకి వెళ్ళింది. ఆ నష్టం ఇప్పటికీ పూడలేదు. కానీ ఆ ఓటమి మిగిలినవారికి పాఠమైంది.

2017 జూలైలో కోర్టులను స్వాధీనం చేసుకోవడానికి మూడు బిల్లులు వచ్చినప్పుడు, వార్సాలోనే గాక చిన్న పట్టణాల్లో కూడా వేలమంది సాయంత్రాలు కొవ్వొత్తులతో కోర్టు భవనాల ముందు నిలబడ్డారు. వారి కోరిక చాలా ఇరుకైనది: అధ్యక్షుడు మూడు బిల్లులనూ వీటో చేయాలి. ప్రభుత్వం దిగిపోవాలని అడగలేదు, వ్యవస్థ మారాలని అడగలేదు. అధికార పక్షం నుంచే వచ్చిన దూదా జూలై 24న రెండింటిని వీటో చేశాడు. కొన్ని నెలల తరువాత వాటినే కొంత మార్చి సంతకం చేశాడన్నది నిజమే. అయినా ఆ గడువు వృథా కాలేదు. న్యాయవాదులు, న్యాయమూర్తుల సంఘాలు తరువాతి పోరాటానికి ఆ లోగా సిద్ధమయ్యారు.

ఆ పోరాటం 2018లో వచ్చింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల విరమణ వయస్సును 70 నుంచి 65కు తగ్గించారు, హంగరీ ఎత్తుగడను అచ్చంగా దించుకుని. కోర్టు ప్రథమ అధ్యక్షురాలు మాల్గోజాతా గెర్స్‌డోర్ఫ్ తన పదవీకాలం 6 ఏళ్ళని రాజ్యాంగంలోనే రాసి ఉందని, దాన్ని మామూలు చట్టం కుదించలేదని చెప్పి, చట్టం ప్రకారం పదవి పోయిన మర్నాడు, జూలై 4న, మామూలుగానే కార్యాలయానికి వచ్చారు. బయట జనం తెల్ల గులాబీలతో నిలబడ్డారు. అదే సమయంలో వ్యవహారం యూరోపియన్ యూనియన్ న్యాయస్థానానికి చేరింది, అక్టోబరులో ఆ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఖాళీలు పూర్తిగా నిండకముందే ఉత్తర్వు వచ్చినందువల్ల ప్రభుత్వం ఏడాది చివరకు చట్టాన్ని వెనక్కి తీసుకుంది, తొలగించిన న్యాయమూర్తులు తిరిగి వచ్చారు. తుది తీర్పు 2019 జూన్‌లో గానీ రాలేదు.

హంగరీలోనూ కోర్టు గెలిపించింది, పోలండ్‌లోనూ గెలిపించింది. ఒకచోట గెలుపు కాగితం మీద మిగిలింది, రెండోచోట కుర్చీలు తిరిగి దక్కాయి. తేడా కొన్ని నెలల్లో ఉంది. కనుక కోర్టుకు వెళ్ళేవారు తుది తీర్పు మీద కంటే స్టే మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. అన్యాయంగా తొలగించబడినవారు ఖాళీ చేసి వెళ్ళి ఆపైన దావా వేయడం కంటే, చట్టబద్ధంగా వీలైనంతవరకు పదవిలో ఉంటూనే సవాలు చేయాలి.

మన చరిత్రలోనూ దీనికి దగ్గరి ఉదంతం ఉంది. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, 16 మంది హైకోర్టు న్యాయమూర్తులను వారి సమ్మతి లేకుండా ఇతర రాష్ట్రాలకు బదిలీ చేశారు. గుజరాత్ నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ అయిన జస్టిస్ సాంకల్‌చంద్ శేఠ్ ఆ ఉత్తర్వును కోర్టులో సవాలు చేశారు, 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు న్యాయమూర్తుల బదిలీల చర్చకు ఈనాటికీ ప్రాతిపదిక. ఒక్క మనిషి వేసిన దావా అది.

న్యాయమూర్తి కాని పాఠకుడు ఇందులో చేయగలిగింది ఏమిటని అడగవచ్చు. మీ జిల్లా బార్ అసోసియేషన్‌లో స్నేహితులుంటే, ఒక న్యాయమూర్తి తీర్పు చెప్పినందుకే బదిలీ అయినప్పుడు ఆ సంఘం తీర్మానం చేస్తుందా లేదా అని అడగండి. 2020 జనవరి 11న వార్సాలో నల్లకోట్లతో జరిగిన న్యాయమూర్తుల ఊరేగింపులో ఇతర యూరప్ దేశాల న్యాయమూర్తులు కూడా నడిచారు. వృత్తి సంఘాల బలం ఇటువంటి సందర్భాల్లోనే తెలుస్తుంది. వైద్యుల, ఉపాధ్యాయుల, విలేకరుల సంఘాలకూ ఇదే వర్తిస్తుంది. మామూలు రోజుల్లో ఆ సంఘాల ఎన్నికలను పట్టించుకోకుండా వదిలేస్తే, అవసరం పడిన రోజున అవి అధికార పక్షం చేతిలోనే ఉంటాయి.

అధికార పక్షపు అభిమానికి ఉన్న బరువు

ఈ విషయం మీద రాసేవారు ఎక్కువగా ప్రతిపక్షానికే సలహాలు ఇస్తారు. నా ఉద్దేశంలో అధికార పక్షానికి ఓటు వేసిన మనిషి మాటకే ఎక్కువ విలువ. ప్రతిపక్షపు కార్యకర్త అభ్యంతరాన్ని ఎమ్మెల్యే ముందే ఊహించుకుని ఉంటాడు. తనను గెలిపించిన ఊరి పెద్ద, తన బూత్‌లో పనిచేసిన కుర్రాడు, విరాళమిచ్చిన వ్యాపారి వచ్చి “అన్నా, పథకాలన్నీ బాగున్నాయి, ఈ ఒక్కటి మాత్రం మనం చేయవలసింది కాదు” అంటే అది లెక్కలోకి వస్తుంది. పార్టీ మారనక్కరలేదు, పార్టీలో ఉంటూనే అనాలి. ఫిరాయింపుల చట్టం, విప్ అధికారం వల్ల మన సభ్యులకు సభలో స్వేచ్ఛ తక్కువ గనుక, బిల్లు సభకు రాకముందే ఆ మాట వారి చెవిన పడాలి.

పత్రికను బతికించడం

దీని మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. ప్రభుత్వ ప్రకటనల మీద ఆధారపడిన పత్రిక ప్రభుత్వం మాట వింటుంది, పాఠకుల చందా మీద బతికే పత్రికకు ఆ బెడద తక్కువ. నెలకు ఒకసారి సినిమాకు పెట్టే ఖర్చును మీరు నమ్మే ఒక వార్తాసంస్థకు చందాగా కట్టండి, అది మీ అభిప్రాయాలతో ఏకీభవించకపోయినా సరే. మీ రాష్ట్ర ప్రభుత్వం ఏ పత్రికకు, ఏ చానెల్‌కు ఎంత ప్రకటనల సొమ్ము ఇచ్చిందో సమాచార హక్కు చట్టం కింద సమాచార, పౌరసంబంధాల శాఖను అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల లోపు మొదటి అప్పీలు వేయాలి. వచ్చిన అంకెలను ఏటేటా పోల్చి చూస్తే, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఎవరిని ఎవరు మేపుతున్నారో తెలుస్తుంది.

ఓటు దగ్గర చేయవలసిన పనులు

పోలండ్‌లో 2023 అక్టోబరు 15న 74 శాతానికి పైగా ఓటర్లు ఓటు వేశారు. వ్రోత్స్వావ్ నగర శివార్లలోని యాగోద్నో పోలింగ్ కేంద్రంలో క్యూ అర్ధరాత్రి దాటాక కూడా కదులుతూనే ఉంది. అధికార పార్టీ 194 స్థానాలతో అతిపెద్ద పార్టీగానే నిలిచింది, మెజారిటీ మాత్రం 248 స్థానాలు తెచ్చుకున్న మూడు ప్రతిపక్ష కూటములకు వచ్చింది.

ప్రతిపక్షాలన్నీ ఏకమైతే చాలు అనే సలహాను ఈ సందర్భంలో కొంచెం తూకం వేసి చూడాలి. హంగరీలో 2022లో ఆరు పార్టీలు ఒకే జాబితాగా, ఒకే ప్రధాని అభ్యర్థితో పోటీచేసి ఘోరంగా ఓడిపోయాయి. ఫిదెస్‌కు 135 స్థానాలు వచ్చాయి. పోలండ్‌లో దిగువసభకు ఓట్ల నిష్పత్తిలో స్థానాలు దక్కే దామాషా పద్ధతి గనుక మూడు జాబితాలుగానే నిలబడ్డారు, అందువల్ల ప్రతిపక్షంలో పెద్ద కూటమి నాయకుడు డొనాల్డ్ టస్క్ అంటే పడని సంప్రదాయవాదికి కూడా ప్రభుత్వాన్ని ఓడించే ఓటు ఒకటి దొరికింది. ఎగువసభ అయిన సెనేట్‌కు ఒక్కో స్థానంలో ఒక్కరే గెలిచే పద్ధతి గనుక అక్కడ ఒకరి మీద ఒకరు పోటీ పెట్టుకోకుండా సర్దుకున్నారు. ఆ సర్దుబాటుతో 2019లోనే సెనేట్ వారి చేతికి వచ్చింది, ఆ సభ బిల్లులను ఆలస్యం చేస్తూ, చర్చకు వేదికగా నిలుస్తూ నాలుగేళ్ళు పనికివచ్చింది. పొత్తు ఎలా ఉండాలో ఎన్నికల పద్ధతే చెబుతుంది.

మన దగ్గర ఓటరుగా చేయవలసినవి అంత గంభీరమైనవి కావు గానీ చాలామంది చేయనివి. ఎన్నికల ప్రకటన వచ్చాక కాదు, ఏడాది ముందే ఓటర్ల జాబితాలో మీ ఇంటివారి పేర్లతో పాటు వీధిలో అద్దెకున్నవారి, వలస వెళ్ళి వచ్చేవారి పేర్లు ఉన్నాయో లేవో చూడండి. పేరు చేర్చడానికి ఫారం 6, తొలగింపు కోరడానికి ఫారం 7 ఉంటాయి. మీ బూత్‌లో ఎవరి మీద ఫారం 7 పడిందో బూత్ స్థాయి అధికారిని అడిగి తెలుసుకోవడం అన్నిటికంటే ఉపయోగకరమైన అలవాటు. విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం ఉన్నవారు ఫారం 6ఏ ద్వారా నమోదు కావచ్చు, ఓటు మాత్రం సొంత ఊరికి వచ్చే వేయాలి. పోలింగ్ రోజున ఏజెంటుగా కూర్చునేవారు ఓట్ల లెక్క రాసిన ఫారం 17సీ ప్రతిని, ప్రిసైడింగ్ అధికారి సంతకంతో, పోలింగ్ ముగియగానే తీసుకోకుండా కదలకూడదు. లెక్కింపు రోజున యంత్రం చూపే మొత్తాన్ని దానితో పోల్చుకోవాలి. అభ్యర్థి ఓడిపోతాడని ముందే తెలిసిన బూత్‌లో కూడా ఈ ప్రతి తీసుకోవాలి, ఫలితం గురించి తరువాత పుట్టే పుకార్లకు ఇదే సమాధానం గనుక.

అత్యవసర పరిస్థితి అన్న మాట వినిపించినప్పుడు

నెమ్మదిగా వచ్చే నిరంకుశత్వం గురించే ఇంతవరకు చెప్పాను. ఒక్కోసారి అది పాత పద్ధతిలోనే వస్తుంది, అప్పుడు గంటల్లో కదలాలి. 2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనాన్ని ప్రకటించాడు. జాతీయ సభలో మెజారిటీ సభ్యులు కోరితే ఆ శాసనాన్ని ఎత్తివేయవలసిందేనని రాజ్యాంగం 77వ అధికరణం చెబుతుంది. సభ్యులకు ఆ సంగతి తెలుసు, సైనికులు వచ్చి భవనాన్ని ముట్టడించేలోపు లోపల ఉండాలనీ తెలుసు. కొందరు గోడలు దూకి వెళ్ళారు, జనం గేట్ల దగ్గర అడ్డం నిలిచారు, సభ సిబ్బంది కుర్చీలూ బల్లలూ తలుపులకు అడ్డం పెట్టారు. అర్ధరాత్రి దాటి ఒంటి గంట ప్రాంతంలో హాజరైన 190 మందీ ఎత్తివేతకు ఓటు వేశారు, వారిలో 18 మంది అధ్యక్షుడి సొంత పార్టీవారు. తెల్లవారుజామున నాలుగున్నరకు శాసనం పోయింది, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆయనను పదవి నుంచి తొలగించింది.

1975 జూన్ 25 రాత్రి మన దేశంలో అటువంటి మార్గం లేదు. రాష్ట్రపతి సంతకం అయ్యాకే మర్నాడు ఉదయం మంత్రివర్గానికి తెలిసింది. నిర్బంధంలో ఉన్నవారి తరఫున తొమ్మిది హైకోర్టులు నిలబడినా, 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురికి ఒకరుగా ఆ తీర్పులను కొట్టివేసింది; విభేదించిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి మరో ఏడాదికి దక్కకుండా పోయింది. ఉత్తరాది 1977లో దీన్ని శిక్షించింది గానీ ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 గెలుచుకుంది, నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున నెగ్గారు. కారణాలు అనేకం ఉండవచ్చు. సెన్సారు చేసిన వార్తలు చదివినవారికి ఇతర రాష్ట్రాల్లో ఏం జరిగిందో తెలిసే వీలు ఎంతో ఆలోచించుకోవచ్చు.

ఏడేళ్ళ తరువాత మన వంతు వచ్చింది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్, మెజారిటీ ఉన్న ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని సభలో బలపరీక్ష లేకుండానే బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. రామారావు తన వెంట ఉన్న ఎమ్మెల్యేలను ఢిల్లీకి తీసుకెళ్ళి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు, తరువాత వారిని కర్ణాటకలో భద్రంగా ఉంచారు, రాష్ట్రంలో జనం వీధుల్లోకి వచ్చారు, వేర్వేరు సిద్ధాంతాల జాతీయ ప్రతిపక్షాలు ఒక్కటిగా నిలిచాయి. గవర్నర్ మారారు, సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. కదిలిన వేగం ఒక కారణమైతే, తలలు లెక్కపెట్టి చూపడం రెండో కారణం. మెజారిటీని తేల్చవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. మీ రాష్ట్రంలో ఇటువంటి వివాదం తలెత్తిన రోజున ఎవరి పక్షమైనా సరే, మొదట అడగవలసింది బలపరీక్ష తేదీనే.

గెలిచిన తరువాత

నిరంకుశ ప్రభుత్వం ఎన్నికల్లో ఓడిన మర్నాటి నుంచి మొదలయ్యే చిక్కులను పోలండ్ ఇప్పుడు అనుభవిస్తున్నది. న్యాయమూర్తుల పేర్లు సూచించే, ‘లా అండ్ జస్టిస్’ హయాంలో వివాదాస్పదమైన మండలి సిఫారసుతో నియమితులైన న్యాయమూర్తులు 2 వేలకు పైగా ఉన్నారు. వారందరినీ తొలగిస్తే వారు ఇచ్చిన విడాకుల, ఆస్తుల, శిక్షల తీర్పుల గతేమిటి, ఉంచితే చేసిన పోరాటానికి అర్థమేమిటి? 2023 డిసెంబరులో టస్క్ ప్రభుత్వం ప్రభుత్వ టెలివిజన్ యాజమాన్యాన్ని కొత్త చట్టం ద్వారా మార్చలేక, అధ్యక్షుడు వీటో చేస్తాడని తెలిసి, కంపెనీ చట్టంలోని మార్గాలతో మార్చింది. చట్టపాలన కోసం అంతకాలం పోరాడినవారిలోనే కొందరు దాన్ని తప్పుపట్టారు, తప్పుపట్టడం సరైన పనే. 2025లో అధ్యక్ష పదవికి ‘లా అండ్ జస్టిస్’ మద్దతుతో నిలిచిన కరోల్ నవ్రోత్స్కీ 51 శాతం కంటే తక్కువ ఓట్లతో నెగ్గడంతో వీటో భయం అలాగే ఉండిపోయింది.

అందువల్ల మరమ్మతు ఎలా చేస్తారన్నది ఎన్నికలకు ముందే ప్రతిపక్షాన్ని అడగవలసిన ప్రశ్న. మీ నియోజకవర్గంలో అభ్యర్థి ఓటు అడగడానికి వచ్చినప్పుడు, గెలిస్తే ఏమిస్తారని అందరూ అడుగుతారు. ప్రస్తుత ప్రభుత్వం కూడబెట్టుకున్న అధికారాల్లో వేటిని వదులుకుంటారో చెప్పమని, వీలైతే కాగితం మీద రాసిమ్మని మీరు అడగండి. పోలీసు నిఘా, ముందస్తు నిర్బంధం, ప్రకటనల కేటాయింపు, కార్పొరేషన్లకు నామినేషన్లు వంటివాటిని పేరుపెట్టి అడిగితే జవాబు దాటవేయడం కష్టమవుతుంది.

ఇందులో మనకు పాత నమూనా ఒకటి ఉంది. 1978లో 44వ సవరణ ‘అంతర్గత కల్లోలం’ అన్న మాటను తీసివేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టింది. మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా రాష్ట్రపతికి అందాలనీ, నెల లోపు ఉభయసభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలనీ, 20, 21 అధికరణాల రక్షణను ఏ ఎమర్జెన్సీలోనూ నిలిపివేయరాదనీ చేర్చింది. జనతా ప్రభుత్వానికి రాజ్యసభలో బలం లేదు, అక్కడ కాంగ్రెస్‌వారు కొన్ని క్లాజులను తిప్పికొట్టారు కూడా. మిగిలినవాటికి ఓడిపోయిన పక్షం సమ్మతి కూడా తోడైంది, 1980లో తిరిగి అధికారంలోకి వచ్చిన ఇందిరాగాంధీ కూడా ఆ నిబంధనలను కదపలేదు.